ఉగాది వేదిక మీద ఈ పిల్లలకు అరగంట కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ చెన్నై పేజీలో ఒక పెద్దాయన ఉత్తరం అచ్చయింది. అప్పటికప్పుడు కల్పించుకుంటూ వాయించే జాజ్‌నీ, దరువు మీద మాట చెప్పే హిప్-హాప్‌నీ కలిపి వాయిస్తున్న కుర్రకారు గురించి ఆయన రాశారు. ఆ రెండూ మనవి కావని, ఒకదానికొకటి పొంతన లేనివని, ఈ పిల్లలు రెండింట్లో ఏదీ కుదురుగా నేర్చుకోకుండా కలగాపులగం చేస్తున్నారని ఆయన బాధ. మర్యాదగా రాశారు, సంగీతం మీద ప్రేమతోనే రాశారు. నేనూ ఆ ప్రేమతోనే జవాబు చెప్పుకుంటాను. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది. వీలైతే కత్తిరించకుండా వేయండి.

నేను సాలిగ్రామంలో ఉంటాను. సొంతూరు తెనాలి. మా నాన్నగారు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. నేను 1970ల్లో మద్రాసు వచ్చి, సినిమా పాటలకీ రీ-రికార్డింగులకీ బేస్, అంటే పాట అడుగున మంద్రంగా మోగే తీగ వాద్యం, వాయించి ఇల్లు నడుపుకున్నాను. మొదట డబుల్ బేస్, ఆ తర్వాత బేస్ గిటార్. పాటలో బేస్ ఉన్నంతసేపూ దాన్ని ఎవరూ పట్టించుకోరు. తీసేస్తే మాత్రం పాట కాళ్ళ కింద నేల తప్పుకున్నట్టు ఉంటుంది. అంత కింద నిలబడి వినడం నాకు అలవాటు కాబట్టి ఈ పిల్లల పాటల్లో అడుగున ఏం జరుగుతోందో నాకు తెలుస్తుంది. ఇంకో మాట కూడా ముందే చెప్పేయాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పబోయే నలుగురు పిల్లలతో కలిసి నేనూ వాయిస్తున్నాను. బయటివాడిలా రాయడం లేదు.

ముందు పొంతన సంగతి. హిప్-హాప్ న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే బీదల పేటలో పుట్టింది. 1973 ఆగస్టు 11న, సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు అపార్ట్‌మెంట్ల కింది హాల్లో ఒక అమ్మాయి బడి తెరిచే ముందు చేసుకున్న పార్టీని దాని పుట్టినరోజుగా లెక్కపెడతారు. ఆ రోజు రికార్డులు వేసింది ఆమె అన్న, జమైకా నుంచి వచ్చిన కుర్రాడు, కూల్ హెర్క్ అంటారు. పాటలో గొంతు ఆగిపోయి డ్రమ్స్, బేస్ మాత్రమే మోగే నాలుగైదు సెకన్ల చోటు ఒకటి ఉంటుంది చూడండి, జనం లేచి ఆడేది సరిగ్గా అక్కడే అని అతను కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ళ మీద పెట్టి, ఆ చిన్న ముక్కనే మళ్ళీ మళ్ళీ తిప్పే పద్ధతి పట్టుకున్నాడు. 1975 నాటికి న్యూయార్క్ నగరం దివాళా అంచుకి వచ్చింది. వేల మంది టీచర్ల ఉద్యోగాలు పోయాయి, బడుల్లో సంగీతం క్లాసులు తగ్గిపోయాయి. చేతికి ట్రంపెట్ ఇచ్చి నేర్పేవాళ్ళు లేని పిల్లలకి ఇంట్లో మిగిలినవి అమ్మానాన్నలు కొనుక్కున్న రికార్డులు. అందులో జాజ్ ఉంది, ఫంక్ ఉంది, సోల్ ఉంది. వాటి ముక్కల్నే వాళ్ళు తమ ఆర్కెస్ట్రా చేసుకున్నారు.

అలాంటప్పుడు ఈ రెండింటికీ పొంతన లేదని ఎలా అంటాం? 1983లోనే హెర్బీ హాన్‌కాక్ అనే పెద్ద జాజ్ పియానిస్టు తన రికార్డులో, టర్న్‌టేబుల్ మీద రికార్డుని గీకి శబ్దాలు పుట్టించేవాణ్ణి పక్కన నిలబెట్టుకున్నాడు. 1993లో గురు అనే ర్యాపర్, అంటే దరువు మీద మాట చెప్పేవాడు, డొనాల్డ్ బర్డ్, రాయ్ ఏయర్స్ లాంటి పాతకాలపు జాజ్ వాళ్ళని స్టూడియోకి పిలిచి, వాళ్ళు వాయిస్తుంటే తను మాట కట్టాడు. జాజ్ ట్రంపెట్‌లో మహా పేరున్న మైల్స్ డేవిస్ 1991లో పోయేనాటికి ఒక హిప్-హాప్ కుర్రాడితో కలిసి రికార్డు చేస్తూ ఉన్నాడు. అది ఆయన పోయాక 1992లో వచ్చింది. ఇవన్నీ జరిగి మూడు దశాబ్దాలు దాటింది.

నాకు వీటన్నిటికంటే దగ్గరగా అనిపించేది రాన్ కార్టర్ కథ. ఆయన నా వాద్యం మనిషి. 1960ల్లో మైల్స్ డేవిస్ బృందంలో డబుల్ బేస్ వాయించాడు. ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అని న్యూయార్క్‌లో ఒక ర్యాప్ బృందం ఉండేది, ఇరవై ఏళ్ళ పిల్లలు. 1991లో వాళ్ళ రెండో ఆల్బమ్‌కి, పాత రికార్డులోంచి బేస్ ముక్క కోసుకోవడం చాలదని, ఆయన్నే వచ్చి వాయించమని అడిగారు. పాటలో బూతులు ఉండకూడదన్న షరతు మీద ఆయన వచ్చి వాయించాడు. ఆ పిల్లలు మాట నిలబెట్టుకున్నారు. ర్యాప్ అంటే బూతులే అనుకునే పెద్దలు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి. పెద్దవాడు వచ్చాడు కాబట్టే షరతు పెట్టగలిగాడు. దూరంగా నిలబడి ఉంటే ఆ అవకాశం ఉండేది కాదు.

మరి ఇది మనది కాదన్న మాట. 1970ల మద్రాసులో నేను బేస్ నేర్చుకున్నది పెరంబూరులో ఒక ఆంగ్లో-ఇండియన్ మాస్టారి దగ్గర. రైల్వే ఇన్‌స్టిట్యూట్ డ్యాన్సులకి వాయించే బృందంలో ఆయన ఉండేవారు. సాయంత్రాలు ఆయన షార్ట్‌వేవ్ రేడియోలో వాయిస్ ఆఫ్ అమెరికా పెట్టేవారు. విల్లిస్ కానోవర్ నింపాదిగా, ఒక్కో మాటా విడదీసి మాట్లాడుతూ వేసే జాజ్ కార్యక్రమం 1955 నుంచీ వస్తుండేది. ఆ రేడియో ముందు కూర్చుని, బేస్ ఒక్కదాన్నే వేరుచేసి వినడం మా మాస్టారు నాకు నేర్పారు. ఆ చెవితోనే పొద్దున్న తొమ్మిది గంటల కాల్షీట్‌కి కోడంబాక్కం వెళ్ళేవాణ్ణి. పక్క కుర్చీల్లో గోవా వాళ్ళు, ఆంగ్లో-ఇండియన్లు, నాగపట్నం వైపు చర్చిల్లో ట్రంపెట్ నేర్చుకున్న తమిళులు, మా గుంటూరు, తెనాలి వాళ్ళు. మన తెలుగు సినిమాల్లో ఆ రోజుల్లో వచ్చిన క్లబ్ పాటలు గుర్తు తెచ్చుకోండి. గొట్టం చివర మూత అడ్డం పెట్టి వాయించే ట్రంపెట్, బ్రష్షులతో మెత్తగా నడిపే డ్రమ్స్, మెట్లు ఎక్కి దిగే బేస్. అది జాజే. ఇవాళ అరవై, డెబ్బై ఏళ్ళున్న తెలుగువాళ్ళందరూ అన్నప్రాసన నాటి నుంచీ వింటూ వచ్చిందే. డేవ్ బ్రూబెక్ అనే అమెరికా జాజ్ పియానిస్టు తన బృందంతో 1958లోనే మద్రాసు వచ్చి వాయించి వెళ్ళాడు, ఇక్కడి తాళాల లెక్కలకి చెవి ఒగ్గాడు. జాజ్ నిన్న మొన్న ఇంటర్నెట్లో దిగింది కాదు. ఈ ఊళ్ళో దానికి ఇల్లు ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది నాకు చాలా ముఖ్యం.

1980ల చివర్లో మా స్టూడియోల్లోకి సింథసైజర్లూ రిథమ్ బాక్సులూ వచ్చాయి. ఒక పెట్టె ముందు ఒక మనిషి కూర్చుంటే డ్రమ్స్, బేస్, తబలా, తీగ వాద్యాలు అన్నీ అందులోంచే వచ్చేవి. అదే కాలంలో తెలుగు సినిమా హైదరాబాదు వెళ్ళిపోయింది. మాకు కాల్స్ తగ్గాయి. నెలంతా ఖాళీ లేకుండా వాయించిన వాళ్ళు ఫోను మోగుతుందేమోనని ఇంట్లో కూర్చున్నారు. నా తోటి వయొలిన్ ఆయన వడపళనిలో జిరాక్స్ దుకాణం పెట్టుకున్నాడు. ఒకరిద్దరు గల్ఫ్ వెళ్ళారు. యంత్రం తప్పు పట్టడం లేదు. ఆ యంత్రంతో గొప్ప పాటలు చేసినవాళ్ళు ఉన్నారు. కానీ ఒకే గదిలో ముప్ఫై మంది ఊపిరి బిగబట్టి ఒక్క టేక్‌లో పాట పూర్తిచేసే పని ఇక తిరిగి రాదని మేమందరం అనుకున్నాం.

అది తిరిగి వస్తోంది. ఆ దారి యంత్రంలోంచే వస్తుందని మాలో ఎవరం ఊహించలేదు.

డెట్రాయిట్‌లో జె డిల్లా అని ఒకాయన ఉండేవాడు. ఆకాయ్ కంపెనీ ఎంపీసీ అని చదరపు రబ్బరు ప్యాడ్లున్న యంత్రం తయారుచేసింది. రికార్డు ముక్కలు అందులో ఎక్కించి వేళ్ళతో కొడితే పాట తయారవుతుంది. వేలు అటూ ఇటూ అయినా యంత్రం ఆ దెబ్బని పట్టుకుని సరిగ్గా తాళం గీత మీదకి జరిపేస్తుంది. డిల్లా ఆ సరిదిద్దే మీటని కట్టేశాడు. లేదా ఒక్కో దెబ్బని తనకి కావలసినంత ముందుకో వెనక్కో జరిపాడు. కర్రతో కొట్టే స్నేర్ డ్రమ్ము వెంట్రుకవాసి ముందు పడుతుంది, కాలితో కొట్టే కిక్ డ్రమ్ము కాస్త ఆలస్యంగా వస్తుంది, హై-హ్యాట్ అనే తాళాల జత మాత్రం తిన్నగా పోతుంది. వినేవాడికి తల దానంతట అదే ఊగుతుంది, ఎందుకో చెప్పలేడు. అతను 2006 ఫిబ్రవరిలో 32 ఏళ్ళకే పోయాడు. అతని ఎంపీసీ ఇప్పుడు వాషింగ్టన్‌లో ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర జాతీయ మ్యూజియంలో ఉంది.

అతని తర్వాత జరిగిందే నన్ను కదిలించింది. ఆ యంత్రంలో డిల్లా పెట్టిన నడకని అసలు డ్రమ్స్ మీద చేతులతో వాయించడానికి జాజ్ డ్రమ్మర్లు కూర్చుని సాధన చేశారు. ఒక చేయి గీత మీద, ఒక చేయి గీత వెనక, కాలు ఇంకా వెనక. రాబర్ట్ గ్లాస్పర్ అనే హ్యూస్టన్ పియానిస్టు తన బృందంతో అలా వాయించి 2012లో ఒక ఆల్బమ్ తెచ్చాడు, దానికి గ్రామీ అవార్డు వచ్చింది. 2015లో కెండ్రిక్ లమార్ అనే ర్యాపర్ ఆల్బమ్‌లో శాక్సఫోన్ కమాసి వాషింగ్టన్‌ది, బేస్ థండర్‌క్యాట్‌ది, ఇద్దరూ లాస్ ఏంజెలిస్ జాజ్ పిల్లలే. అంటే వాద్యం లేని పిల్లలు రికార్డుతో మొదలుపెట్టిన పని, యంత్రం గుండా వెళ్ళి, మళ్ళీ వాద్యం దగ్గరికే వచ్చింది. యంత్రం వల్ల పని పోయిన నాలాంటివాడికి ఇది ఎంత పెద్ద సంగతో చెప్పలేను.

మా నలుగురి దగ్గరికి వస్తాను. శాక్సఫోన్ అబ్బాయి మా అపార్ట్‌మెంట్స్‌లోనే రెండో అంతస్తు. డ్రమ్స్ అబ్బాయిది పెరంబూరు, తమిళుడు, చర్చిలో వాయిస్తూ నేర్చుకున్నాడు. కీబోర్డూ ప్యాడ్లూ చూసుకునే అబ్బాయి అరుంబాక్కంలో ఉంటాడు, వాళ్ళ నాన్నగారిది నెల్లూరు, బట్టల కొట్టు. మాట చెప్పే అమ్మాయిది పుళియంతోపు. వలసరవాక్కంలో గంటకింత అని అద్దెకి దొరికే జామ్ రూమ్‌లో వీళ్ళు కలుస్తారు. డబ్బు చాలనప్పుడు మా మేడ మీద రేకుల గదికి వస్తారు. రాత్రి ఎనిమిది దాటితే ఆపేస్తారు, పక్కింటివాళ్ళు అడగకముందే.

కుదురుగా నేర్చుకోరు అన్న మాటకి నాకు కనిపించేది చెబుతాను. శాక్సఫోన్ అబ్బాయి, పాత జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ సోలోని చెవితో విని నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. పన్నెండు శ్రుతుల్లోనూ తప్పు లేకుండా వచ్చేదాకా పక్క పేజీ తిప్పడు. మా ఫ్లాట్‌లో అందరికీ ఆ సోలోలు కంఠతా వచ్చేశాయి. డ్రమ్స్ అబ్బాయి టిక్కుటిక్కుమని లయ కొలిచే మెట్రోనోమ్ పెట్టుకుని మొదట నిక్కచ్చిగా వాయిస్తాడు, ఆ తర్వాత స్నేర్ ఒక్కదాన్నే వెనక్కి లాగడం మొదలుపెడతాడు. తిన్నగా వాయించడం రానివాడికి వంకరగా వాయించడం రాదు. మా కాలంలో మృదంగం, తబలా పెద్దలు కూడా ఇదే చెప్పేవారు. లయ చేతిలో ఉన్నవాడే దాన్ని వదిలి పట్టుకోగలడు.

ప్యాడ్ల అబ్బాయి పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చింది. వాడు పాత రికార్డుల జోలికి పోడు. శాక్సఫోన్, డ్రమ్స్, నా బేస్ ముందు మేడ మీదే రికార్డు చేస్తాడు. ఆ తర్వాత మేం వాయించిందే ముక్కలు చేసి, కొన్ని తిరగేసి, మళ్ళీ మాకు వినిపిస్తాడు. దాని మీద మేం మళ్ళీ వాయిస్తాం. నా చేతి కిందే పుట్టిన ముక్క నాకే కొత్తగా ఎదురొచ్చి, దానికి నేను జవాబు చెప్పుకోవాలి. ఇన్నేళ్ళు వాయించాక కూడా నాకు ఇంకా రావలసింది ఉందని వాళ్ళు నాకు చూపిస్తున్నారు, దానికి వాళ్ళకి నేను రుణపడి ఉన్నాను.

ఇంకో సంగతి. వాళ్ళు పాట ఇంటర్నెట్లో పెట్టినప్పుడు కింద వాయించిన ప్రతి ఒక్కరి పేరూ రాస్తారు. ఏ ముక్క ఎవరి చేతిదో కూడా రాస్తారు. అది చిన్న విషయం అనుకోకండి. క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అనే డ్రమ్మర్, జేమ్స్ బ్రౌన్ అనే గాయకుడిది 1970లో వచ్చిన ఒక పాటకి వాయించిన ఒక్క చిన్న దరువుని హిప్-హాప్‌లో వందల పాటలు వాడుకున్నాయి. రాయల్టీ హక్కు ఆయన పేరున లేదు. ఆరోగ్యం చెడినప్పుడు వైద్యం ఖర్చులకి ఇబ్బంది పడ్డాడు, 2017లో పోయాడు. మా మద్రాసులో మాత్రం? ఘంటసాల గారి పేరు, సుశీల గారి పేరు, సంగీత దర్శకుల పేర్లు రికార్డు అట్ట మీద ఉంటాయి, ఉండాలి కూడా. పిల్లనగ్రోవి ఎవరిది, వీణ ఎవరిది, ఆ బేస్ ఎవరిది? మా తరం పేర్లు ఏ అట్టా మొయ్యలేదు. నా పేరు పాట కింద అక్షరాల్లో చూసుకున్నది ఈ పిల్లల వల్లే. వాళ్ళు వినయం నేర్చుకోలేదని ఎవరన్నా అంటే ఒప్పుకోలేను.

ఇప్పుడు పుళియంతోపు అమ్మాయి. మన తెలుగువాళ్ళు ఆగి వినవలసింది ఇక్కడ.

చెన్నై వీధులు ఊడ్చి, కాలువలు శుభ్రం చేసే కుటుంబాల్లో పెద్ద భాగం తెలుగువాళ్ళని ఈ ఊళ్ళో ఉన్న మనందరికీ తెలుసు. తరాల కిందట నెల్లూరు, ఒంగోలు వైపుల నుంచి వచ్చారు. ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. ఈ అమ్మాయి అలాంటి ఇంటి పిల్ల. బి.కాం. చదువుతోంది. బడిలో తమిళం, ఇంగ్లీషు చదివింది, తెలుగు అక్షరాలు రావు. రాష్ట్రంలో 2006 నాటి చట్టం తర్వాత బడుల్లో తమిళం తప్పనిసరైంది. ఇంట్లో తెలుగు ఉన్నా అక్షరం నేర్పే చోటు తగ్గిపోయింది. తన తెలుగు పాటల్ని తమిళ లిపిలో రాసుకుంటుంది. గ, ఘ తేడాలు దొరక్క పక్కన చిన్న గుర్తులు పెట్టుకుంటుంది. మొదటిసారి ఆ కాగితం చూసి చదవమన్నాను. తెల్లవారుజామున మస్టర్‌కి బయల్దేరే నాయనమ్మ గురించిన పాట. మొదలు ఇలా ఉంటుంది, ఆ అమ్మాయి అనుమతితోనే రాస్తున్నాను:

తెలవారకుండనే తెరిచేటి తలుపు
పలికేటి చీపురే పాటకు దరువు

మా నాన్నగారి వల్ల నాకు ఛందస్సు కొద్దిగా వచ్చు. వేళ్ళ మీద గణాలు కట్టి చూశాను. మూడు ఇంద్ర గణాలు, ఒక సూర్య గణం. మొదటి పాదంలో తె-కి తె, రెండో పాదంలో ప-కి పా, యతి సరిగ్గా మూడో గణం మీద పడింది. రెండో అక్షరం రెండు పాదాల్లోనూ ల, ప్రాస కుదిరింది. ఇది ద్విపద. పాల్కురికి సోమనాథుడు బసవ పురాణం చెప్పిన ద్విపద. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగితే, మా నాయనమ్మ పాటలు ఇలాగే నడుస్తాయి తాతయ్యా, వాటిలాగా రాశాను అంది. ద్విపద అన్న పేరు ఆ పిల్ల అంతకుముందు వినలేదు.

లయ తెలిసినవాళ్ళ కోసం కొంచెం లోపలికి వెళతాను. ఇంద్ర గణంలో నాలుగు మాత్రలైనా ఉండొచ్చు, ఐదైనా ఉండొచ్చు. చివరి సూర్య గణానికి మూడే. పాదానికి గణాలు నాలుగు, హిప్-హాప్‌లో వరసకి దెబ్బలూ నాలుగు. పై మొదటి పాదంలో ఐదు, ఐదు, ఐదు, మూడు. రెండో పాదంలో ఐదు, ఐదు, నాలుగు, మూడు. దెబ్బ మారదు, దాని లోపల మాట ఒకసారి కిక్కిరిసి, ఒకసారి వదులై, చివర కాస్త ఊపిరి మిగిల్చి పోతుంది. డిల్లా యంత్రం మీద వెతికిన నడక ఇలాంటిదే. తెలుగు రాని మా డ్రమ్స్ అబ్బాయి అది పట్టేశాడు. ఆ ఐదుల కింద కిక్‌ని వెనక్కి లాగి, సూర్య గణం దగ్గర స్నేర్‌ని ముందుకు తెచ్చి, మిగిలిన ఖాళీలో శాక్సఫోన్‌కి చోటు విడిచాడు. నేను బేస్‌లో రెండే స్వరాలు వాయిస్తాను అక్కడ. అంతకంటే అవసరం లేదు.

ఆ రెండూ మనవి కావని రాసిన పెద్దాయన ఒక్కసారి వచ్చి ఈ పాట వినాలని నా కోరిక.

ఇంత చెప్పడానికి కారణం కూడా చెప్పాలి. ఈ ఏడాది ఉగాదికి ఒక తెలుగు సంఘం వాళ్ళ కార్యక్రమంలో ఈ పిల్లలకి అరగంట ఇప్పించమని నేను వెళ్ళి అడిగాను. సంఘం పేరు రాయను, అక్కడున్నవాళ్ళు నాకు తెలిసినవాళ్ళే, మంచివాళ్ళే. ట్రాక్ ఉందా, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేయండి, మైకు ఇస్తాం అన్నారు. ట్రాక్ లేదు, డ్రమ్స్ పెట్టుకోవాలి, అందరం వాయిస్తాం అన్నాను. డ్రమ్స్ పెట్టడానికీ తియ్యడానికీ టైము పడుతుంది అన్నారు. పాటలో ఏముంటుంది అని అడిగి, సంగతి చెప్పాక, పండగపూట ఊడ్చే పని పాటలెందుకు అన్నారు. ఆ అమ్మాయి నా పక్కనే నిలబడి ఉంది. తలెత్తి, పండగ పొద్దున కూడా మా నాయనమ్మ పనికి వెళుతుందండీ, అంది. అంతకంటే ఒక్క మాట మాట్లాడలేదు. ఆ సాయంత్రం అదే వేదిక మీద నేను వాయించిన ఒక పాత పాటని ట్రాక్ పెట్టుకుని ఎవరో పాడారు. ఆ ట్రాక్‌లో నా బేస్ లేదు, కీబోర్డుతో మళ్ళీ చేసిన బేస్ ఉంది.

ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. కోపంతో కాదు. వాద్యం పట్టుకున్న పిల్లల్ని మనం పంపేస్తున్నాం, పెన్‌డ్రైవ్‌ని పిలుస్తున్నాం. తెలుగు అక్షరం రాకపోయినా ద్విపద రాస్తున్న పిల్లని, తెలుగు బతకడం లేదని ఉపన్యాసాలిచ్చే వేదిక ఎక్కనివ్వలేదు.

మిగతా చోట్ల ఏం చేస్తున్నారో చూడండి. లండన్‌లో టుమారోస్ వారియర్స్ అని 1991లో ఒక బేస్ వాద్యకారుడు, ఆయన భాగస్వామి కలిసి మొదలుపెట్టిన సంస్థ ఉంది. డబ్బులేని ఇళ్ళ పిల్లలకి జాజ్ ఉచితంగా నేర్పి, వేదిక ఎక్కిస్తారు. అక్కడ కలుసుకున్న పిల్లలే ఎజ్రా కలెక్టివ్ అయ్యారు. జాజ్, హిప్-హాప్, ఆఫ్రికా పాటలు కలిపి వాయిస్తారు. 2023లో అక్కడి పెద్ద సంగీత బహుమతి మెర్క్యురీ ప్రైజ్ వాళ్ళకి వచ్చింది, ఆ బహుమతి ఒక జాజ్ బృందానికి రావడం అదే మొదలు. టొరంటోలో బ్యాడ్‌బ్యాడ్‌నాట్‌గుడ్ అనే కుర్రాళ్ళు హంబర్ కాలేజీ జాజ్ కోర్సులో చేరి, హిప్-హాప్ పాటల్ని పియానో, బేస్, డ్రమ్స్ మీద వాయించి మాస్టార్లకి వినిపిస్తే, ఇందులో సంగీతం లేదని వాళ్ళు కొట్టిపారేశారు. ఆ పిల్లలు ఇవాళ ప్రపంచమంతా తిరిగి వాయిస్తున్నారు. అంత దూరం ఎందుకు, మన కీళ్పాక్కంలోనే 2018 జనవరిలో సినిమా దర్శకుడు పా. రంజిత్ గారి నీలం కల్చరల్ సెంటర్, సంగీతకారుడు టెన్మా కలిసి క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే బృందాన్ని వేదిక ఎక్కించారు. ఉత్తర చెన్నై గానా పాటకి ర్యాప్, రాక్, పేటల్లో చావుకీ పెళ్ళికీ వాయించే డప్పులు కలిపారు. వేల మంది వచ్చారు. తమిళులు తమ పేటల పిల్లల కోసం చేసిన పని అది. అదే పేటల్లో తెలుగు పిల్లలున్నారు, వాళ్ళకి మనం తప్ప ఎవరున్నారు?

అందుకని ఈ ఉత్తరం ద్వారా చెన్నైలోని తెలుగు సంఘాలన్నిటినీ అడుగుతున్నాను. వచ్చే ఉగాదికి మీ కార్యక్రమంలో అరగంట ఈ పిల్లలకి ఇవ్వండి. మైలాపూర్‌లో పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం ఉంది, టి.నగర్‌లో, కోడంబాక్కంలో కల్యాణ మండపాలున్నాయి, ఎక్కడైనా సరే. పారితోషికం అడగడం లేదు. డ్రమ్ సెట్ మేమే తెస్తాం, ఇరవై నిమిషాల్లో పెట్టి పది నిమిషాల్లో తీసేస్తాం, కావాలంటే కార్యక్రమం మొదలయ్యే ముందే పెట్టేస్తాం. నాలుగు మైకులు, ఒక మంచి సౌండ్ ఆపరేటర్ చాలు. పాటల సాహిత్యం ముందుగా కావాలంటే తెలుగు లిపిలో నేనే రాసి పంపుతాను. పద్యం, హరికథ, కర్ణాటక సంగీతం ఏమీ తగ్గించనక్కర్లేదు. ట్రాకుల మీద పాడే పాటల్లోంచి ఓ నాలుగు తగ్గిస్తే ఈ అరగంట వచ్చేస్తుంది.

సంపాదకులు గారికి ఇంకో మనవి. మీ చెన్నై పేజీలో సభల కార్యక్రమాల పట్టిక వేస్తారు. ఈ పిల్లల్లాంటి బృందాలు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నాయి. వాళ్ళు ఎక్కడ వాయిస్తున్నారో కూడా అందులో ఒక వరస వేయండి. వాయించేవాళ్ళ పేర్లు అన్నీ వేయండి, గొంతుది ఒక్కటే కాకుండా.

పోయిన ఆదివారం ఉత్తరం రాసిన పెద్దాయనకి నా చిరునామా మీ కార్యాలయం ద్వారా అందజేయండి. మేం శనివారాలు సాయంత్రం నాలుగున్నరకి మేడ మీద కలుస్తాం. ఆయన ఏ శనివారం వచ్చినా సరే. లిఫ్ట్ మూడో అంతస్తు దాకా ఉంది, అక్కడి నుంచి మెట్లు కొద్దిగానే.

ఇట్లు,
ఒక సినీ బేస్ వాద్యకారుడు (విశ్రాంత),
సాలిగ్రామం, చెన్నై.
(పేరు, చిరునామా సంపాదకులకు విడిగా పంపాను.)